కర్చీఫ్ వేసిన సీటును ఏఐ ఎలా లెక్కపెడుతుంది?

నా మొదటి ఉద్యోగం హైదరాబాద్‌లో, ఒక విదేశీ క్లయింటు డేటాబేసులను చూసుకునే సపోర్ట్ టీమ్‌లో. హోదా పేరు ఘనంగానే ఉండేది. కానీ మొదటి ఏడాదంతా నేను చేసింది దాదాపు ఒకటే పని. నైట్ షిఫ్ట్ ముగిసే ముందు నలభైకి పైగా డేటాబేసుల్లోకి ఒక్కొక్కటిగా లాగిన్ అవడం, ఒక క్వెరీ నడపడం, ఎంత స్పేస్ వాడారో ఎంత మిగిలిందో ఎక్సెల్ షీట్‌లో రాయడం. 85 శాతం దాటితే ఆ గడికి పసుపు రంగు, 95 దాటితే ఎరుపు. షీట్ మెయిల్ చేసి, క్యాంటీన్‌లో రెండు ఇడ్లీలు తిని క్యాబ్ ఎక్కేవాణ్ని. ఇంజినీరింగ్ నాలుగేళ్లు చదివింది గడులకు రంగులేయడానికా అని చాలాసార్లు అనిపించేది.

ఇప్పుడు ఆ పని ఒక్క వాక్యంతో అయిపోతోంది. 'అన్ని డేటాబేసుల్లో స్పేస్ ఎంత కేటాయించారు, ఎంత వాడారు, 15 శాతం కంటే తక్కువ మిగిలినవి ఏవి?' అని ఏఐ ఏజెంట్‌ను అడిగితే, అదే ఒక్కోదానికి కనెక్ట్ అయి, ఒరాకిల్‌కు ఒక క్వెరీ, పోస్ట్‌గ్రెస్‌కు మరో క్వెరీ రాసుకుని, నడిపి, టేబుల్ వేసి ముందు పెడుతుంది. నాకు రెండు గంటలు పట్టేది. దానికి రెండు మూడు నిమిషాలు చాలు. రంగులు కూడా వేస్తుంది.

ఈమధ్య మా కాలేజీ జూనియర్ ఒకతను ఫోన్ చేశాడు. ఫైనల్ ఇయర్, క్యాంపస్ ప్లేస్‌మెంట్ రాలేదు, డీబీఏ కోర్సులో చేరదామనుకుంటున్నాడు. 'అన్నా, ఇదంతా ఏఐ చేసేస్తోందట కదా, ఫీజు దండగేనా?' అన్నాడు. అప్పటికప్పుడు 'అలాంటిదేం లేదు తమ్ముడూ' అని ధైర్యం చెప్పి ఫోన్ పెట్టేశాను. తర్వాత ఆలోచిస్తే అది సగం అబద్ధమే అనిపించింది. అతను అడిగింది సరైన ప్రశ్న. దానికి కాస్త వివరంగా జవాబు చెప్పాలి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. అంకెలు ఏరుకొచ్చే పని పోతోంది, దాన్ని ఎవరూ ఆపలేరు, ఆపాల్సిన అవసరమూ లేదు. కానీ ఆ అంకె దేని లెక్కో తెలిసిన మనిషి అవసరం మాత్రం పెరుగుతోంది. చిక్కల్లా, అలాంటి మనిషి తయారయ్యేది ఆ ఏరుకొచ్చే పని చేస్తూనే. మెట్టు తీసేసి మేడ ఎక్కమంటున్నాం. ఈ సంగతి కంపెనీలు, కాలేజీలు పట్టించుకోవడం లేదు కాబట్టి మీరే పట్టించుకోవాలి.

ఏజెంట్ అంటే ఏమిటో రెండు మాటల్లో చూద్దాం. చాట్‌బాట్‌ను అడిగితే క్వెరీ రాసిస్తుంది, నడుపుకోవాల్సింది మనమే. ఏజెంట్‌కు చేతులుంటాయి. కొన్ని టూల్స్ ఇచ్చి పెడతాం, వాటిలో ఏది ఎప్పుడు వాడాలో లాంగ్వేజ్ మోడలే నిర్ణయించుకుంటుంది, వచ్చిన ఫలితం చూసి తర్వాతి అడుగు వేస్తుంది. ఈ చేతులు తగిలించడానికి ఒక ఉమ్మడి పద్ధతి ఉంటే బాగుంటుందని ఆంత్రోపిక్ సంస్థ 2024 నవంబర్‌లో మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌ను, అంటే ఎంసీపీని ప్రకటించింది. గూగుల్ డేటాబేసుల కోసం ఎంసీపీ టూల్‌బాక్స్ తెచ్చింది. ఒరాకిల్ కూడా 2025లో తన ఎస్‌క్యూఎల్‌సీఎల్‌లో ఎంసీపీ సర్వర్‌ను చేర్చింది. అంటే ఇది ఎక్కడో ల్యాబ్‌లో జరిగే ప్రయోగం కాదు. మీరు చేరబోయే ఆఫీసులో ఇప్పటికే ఉండొచ్చు.

బస్సులో మూడు లెక్కలు

స్పేస్ లెక్క పైకి చాలా సులువుగా కనిపిస్తుంది. డిస్కు ఎంత, నిండింది ఎంత, మిగిలింది ఎంత. కానీ పండక్కి ఊరెళ్లేటప్పుడు బస్టాండ్‌లో బస్సు ఎక్కినవాళ్లకు అసలు సంగతి తెలుస్తుంది. బస్సులో 50 సీట్లుంటాయి. కూర్చున్నవాళ్లు 20 మందే. అయినా మీకు సీటుండదు. ఎందుకంటే కిటికీలోంచి కర్చీఫులు, తువ్వాళ్లు, ఒకచోట చంటిపిల్లాడి బ్యాగు కూడా వేసేశారు. 'ఖాళీయేనా?' అంటే 'వస్తున్నారండీ' అంటారు.

డేటాబేసులోనూ అంతే. కూర్చున్న మనుషులు అంటే నిజంగా డేటా ఆక్రమించిన జాగా. కర్చీఫ్ వేసిన సీట్లతో కలిపితే అది కేటాయించిన జాగా, మనవాళ్లు అలకేటెడ్ అంటారు. మొత్తం సీట్లు అంటే డిస్కు. ఒరాకిల్‌లో డేటాఫైల్ 100 జీబీ ఉందంటే లోపల 100 జీబీ డేటా ఉందని కాదు. 30 ఉండొచ్చు, మిగతా 70 కర్చీఫులే. డీబీఏ డేటా ఫైల్స్ అనే వ్యూ మొత్తం ఫైల్ సైజు చెబుతుంది, డీబీఏ ఫ్రీ స్పేస్ అనే వ్యూ ఆ ఫైల్ లోపలి ఖాళీ చెబుతుంది. ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడిగితే దానికి ఫైలే కనిపిస్తుంది కాబట్టి 100 జీబీ నిండిందనే అంటుంది. ముగ్గురూ నిజమే చెబుతున్నారు. మూడూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు.

దీనికి తోడు ఆటోఎక్స్‌టెండ్ అని ఒకటుంది. ఫైల్ నిండిపోతే దానంతట అదే ఫలానా గరిష్ఠ పరిమితి దాకా పెరగొచ్చని ఇచ్చే అనుమతి. అంటే 'మావాళ్లు ఇంకా వస్తే ఇంకో పది సీట్లు కూడా మావే' అని కండక్టర్ దగ్గర ముందే మాట తీసుకోవడం. ఆ మాట మీకొక్కరికే ఇచ్చాడా, అందరికీ ఇచ్చాడా అన్నది అసలు ప్రశ్న.

నేను దెబ్బతిన్నది ఇక్కడే. ఒక సర్వర్‌లో 500 జీబీ డిస్కు, దానిపై మూడు డేటాబేసులు. ఒక్కోదానికి 250 జీబీ దాకా పెరగడానికి అనుమతి ఉంది. మా షీట్‌లోని ఫార్ములా, వాడినదాన్ని గరిష్ఠ పరిమితితో భాగించేది. ఒక్కోటీ 150 జీబీ ఆక్రమించింది. 250లో 150 అంటే 60 శాతం. మూడు గడులూ చక్కగా పచ్చగా ఉండేవి. మూడు 150లు కలిపితే 450 అని, డిస్కులో మిగిలింది 50 జీబీయే అని నేను ఒక్కరోజు కూడా చూడలేదు. చూడమని ఎవరూ చెప్పలేదు, నాకు తోచనూ లేదు. నెలాఖరు రాత్రి బ్యాచ్ జాబ్ నడుస్తుండగా ఆ 50 కూడా అయిపోయింది. టేబుల్‌ను పెంచలేకపోతున్నానంటూ ఒరాకిల్‌లో అందరికీ పరిచయమైన ఆ 01653 ఎర్రర్ వరసగా పడింది. మా సీనియర్‌ని రాత్రి రెండింటికి నిద్రలేపాల్సి వచ్చింది. ఆయన తిట్టలేదు, 'మూడు రిపోర్టులు చదివావు, ఒక్క డిస్కు చూడలేదు' అని మాత్రం అన్నాడు. తిట్టినా బాగుండేది.

ఇప్పుడు ఆ ఫార్ములానే ఏజెంట్‌కు ఇచ్చామనుకోండి. అది కూడా పచ్చ రంగే వేస్తుంది. నాకంటే వేగంగా, నాకంటే అందంగా. పైగా కింద 'పరిస్థితి సంతృప్తికరంగా ఉంది' అని ఒక వాక్యం కూడా రాస్తుంది. ఎక్సెల్ గడి అలాంటి మాట ఎప్పుడూ అనలేదు. మామూలు అంకె కంటే ఈ ధీమా మాటే ప్రమాదమని నాకనిపిస్తుంది. మంచి ఇంగ్లిష్‌లో రాసినదాన్ని మనం త్వరగా నమ్మేస్తాం. మన చదువులు అలాంటివి మరి.

ఎర్రర్ రాకపోవడమే ఎర్రర్

ఈ వ్యాసం రాసే ముందు నా ల్యాప్‌టాప్‌లో పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్, ఎస్‌క్యూఎల్ సర్వర్ మూడూ పెట్టి ఒక ఏజెంట్‌ను తగిలించాను. మూడింట్లో ఎంత స్పేస్ ఉందో చెప్పమన్నాను. జవాబు చూడముచ్చటగా వచ్చింది. అందులో రెండు తప్పులున్నాయి.

మొదటిది ఎస్‌క్యూఎల్ సర్వర్‌ది. అక్కడ ఫైళ్ల సైజు చెప్పే సిస్టమ్ వ్యూలో 2,56,000 అనే అంకె వచ్చింది. అది బైట్లూ కాదు, కేబీలూ కాదు. పేజీల లెక్క. ఒక్కో పేజీ 8 కేబీ. అంటే 2,000 ఎంబీ. మా ఏజెంట్ దాన్ని కేబీలనుకుని 250 ఎంబీ అని రాసింది. ఎనిమిది రెట్ల తేడా. 'ఈ అంకె ఏ యూనిట్‌లో ఉంది?' అని అడగ్గానే తప్పు ఒప్పుకుని సరిచేసింది. పాపం, మర్యాదస్తురాలే. కానీ అడగాలని నాకు తెలిసింది కాబట్టి అడిగాను. మైఎస్‌క్యూఎల్ బైట్లలో చెబుతుంది, పోస్ట్‌గ్రెస్‌లో సైజు ఫంక్షన్లు బైట్లలో, కేటలాగ్‌లోని పేజీల సంఖ్య మాత్రం మామూలుగా 8 కేబీల బ్లాకుల్లో. నాలుగు రకాల డేటాబేసులను ఒకే టేబుల్‌లో కూర్చోబెట్టినప్పుడు యూనిట్లు కలగాపులగం కావడం చాలా తేలిక.

రెండోది ఇంకా దొంగది. మైఎస్‌క్యూఎల్‌కు ఏజెంట్ కోసం నేనొక యూజర్‌ను సృష్టించి, జాగ్రత్త కోసం ఒక్క స్కీమాకే అనుమతి ఇచ్చాను. ఇన్ఫర్మేషన్ స్కీమాలో ఎవరికి దేనిమీద హక్కుందో ఆ టేబుళ్లే కనిపిస్తాయి. మిగతావి లేనట్టే. ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు. కాబట్టి ఏజెంట్ తనకు కనిపించినవాటినే కూడి 'మైఎస్‌క్యూఎల్ మొత్తం' అని రాసేసింది. క్లాసులో వెనక బెంచీలు కనిపించని చోట నిలబడి అటెండెన్స్ తీసుకున్నట్టు. ఆ యూజర్‌ను సృష్టించింది నేనే కాబట్టి నాకు వెంటనే వెలిగింది. నా చోట ఇంకొకరుంటే?

మైఎస్‌క్యూఎల్‌లో ఇంకో తిరకాసు కూడా ఉంది. 8.0 నుంచి ఈ టేబుల్ గణాంకాలను అది దాచుకుని చూపిస్తుంది, డిఫాల్ట్‌గా 86,400 సెకన్ల దాకా. అంటే 24 గంటలు. పొద్దున్న లక్షల వరుసలు పోసినా సాయంత్రం పాత అంకే కనిపించొచ్చు. పోస్ట్‌గ్రెస్‌లో ఇంకో రకం. డేటాబేస్ సైజు చెప్పే ఫంక్షన్ వాల్ ఫైళ్లను లెక్కలోకి తీసుకోదు. ప్రతి మార్పునూ ముందుగా రాసిపెట్టుకునే చిట్టా అది. రెప్లికా సర్వర్ కోసం పెట్టిన స్లాట్ ఒకటి అనాథగా మిగిలిపోయిందనుకోండి, అవతలి సర్వర్ ఎప్పటికైనా వచ్చి చదువుకుంటుందని పోస్ట్‌గ్రెస్ ఆ చిట్టాలన్నీ పోగేస్తూనే ఉంటుంది. దీనికి పరిమితి పెట్టుకునే సెట్టింగ్ 13వ వెర్షన్‌లో వచ్చింది కానీ డిఫాల్ట్‌గా పరిమితి లేదనే ఉంటుంది. డేటాబేస్ సైజు రోజూ అదే, డిస్కు మాత్రం నిండిపోతుంటుంది. ఏజెంట్‌ను 'డేటాబేసుల సైజు చెప్పు' అని అడిగితే అది అడిగినదానికే జవాబు చెబుతుంది. మనం అడగాల్సింది అది కాదు.

తుడవడానికీ చోటు కావాలి

అసలు ప్రమాదం లెక్కలో కంటే లెక్క తర్వాత వచ్చే 'అయితే ఖాళీ చేసెయ్' అనే మాటలో ఉంది. ఏజెంట్లను అమ్మేవాళ్లు దీన్నే గొప్పగా చూపిస్తారు. సమస్యను చెప్పడమే కాదు, పరిష్కరిస్తుంది కూడా అంటారు. ఇక్కడ కాస్త ఆగాలి.

పోస్ట్‌గ్రెస్‌లో డిలీట్ కొడితే వరుస పోదు, చనిపోయినట్టు గుర్తు పడుతుంది అంతే. తర్వాత వాక్యూమ్ వచ్చి ఆ చోటును మళ్లీ వాడుకోవచ్చని రాసుకుంటుంది. మన బస్సు భాషలో చెప్పాలంటే, దిగినవాళ్ల సీట్లు కొత్తగా ఎక్కినవాళ్లకు ఇస్తారు, బస్సు మాత్రం చిన్నది కాదు. డిస్కుకు జాగా తిరిగి రావాలంటే మామూలుగా వాక్యూమ్ ఫుల్ చేయాలి. అంటే దారిలో బస్సు ఆపి, అందరినీ దింపి, ఇంకో చిన్న బస్సులోకి ఎక్కించడం. అప్పటిదాకా కొత్తగా ఎవరూ ఎక్కడానికి లేదు, ఎందుకంటే టేబుల్‌కు తాళం పడుతుంది. పైగా ఆ రెండో బస్సు నిలబడటానికి రోడ్డు పక్కన చోటుండాలి. కొత్త కాపీ పూర్తయ్యేదాకా పాతదీ ఉంటుంది కాబట్టి అదనపు డిస్కు కావాలి. డిస్కు 98 శాతం నిండిన రోజున పెద్ద టేబుల్ మీద వాక్యూమ్ ఫుల్ కొట్టడమంటే మునిగే పడవలో నీళ్లు తోడటానికి ఇంకో పదిమందిని ఎక్కించడమే.

ఇది పుస్తకాల్లో మాత్రమే జరిగేదనుకోకండి. 2023 ఆగస్టు 29న జపాన్‌లో టయోటా 14 అసెంబ్లీ ప్లాంట్లు ఆగిపోయాయి. సైబర్ దాడి అని చాలామంది అనుమానించారు. తర్వాత కంపెనీయే కారణం చెప్పింది. ఆగస్టు 27న మామూలు మెయింటెనెన్స్‌లో భాగంగా డేటాబేసులో పేరుకున్న డేటాను తీసేసి సర్దుతుండగా డిస్కులో చోటు చాలక ఎర్రర్ వచ్చింది. విడిభాగాల ఆర్డర్లు చూసే సర్వర్లు ఆగిపోయాయి. బ్యాకప్ వ్యవస్థ కూడా అదే సిస్టమ్ మీద నడుస్తుండటంతో దానికీ అదే గతి పట్టింది. ఎక్కువ చోటున్న సర్వర్‌లోకి డేటాను మార్చాక, 30న ప్లాంట్లు మళ్లీ తెరుచుకున్నాయి. ప్రపంచంలో అతి పెద్ద కార్ల కంపెనీల్లో ఒకటి, పొదుపైన ఉత్పత్తి పద్ధతులకు పాఠ్యపుస్తకం లాంటిది, డిస్కు స్పేస్ దగ్గర ఆగింది. అదీ చోటు ఖాళీ చేయబోయి.

పేర్లను చూసి మోసపోవడం కూడా ఉంది. పోస్ట్‌గ్రెస్‌లో ఇందాక చెప్పిన చిట్టాలు ఒకప్పుడు పీజీ ఎక్స్‌లాగ్ అనే డైరెక్టరీలో ఉండేవి. డిస్కు నిండినప్పుడు, లాగ్ అని ఉంది కదా, పాత లాగులేమో అని దాన్ని తుడిచేసిన అడ్మిన్లు ఉన్నారు. దాంతో డేటాబేసే లేవకుండా పోయేది. ఈ గొడవ పడలేక 2017లో వచ్చిన 10వ వెర్షన్‌లో ఆ పేరునే పీజీ వాల్ అని మార్చేశారు. చదువుకున్న మనుషులే పేరు చూసి తుడిచేస్తే, పేర్లను చూసి అర్థం ఊహించడమే వృత్తిగా ఉన్న లాంగ్వేజ్ మోడల్ ఏం చేస్తుందో ఆలోచించండి.

ఊహ అవసరం లేదు కూడా. 2025 జులైలో రెప్లిట్ సంస్థ ఏఐ ఏజెంట్ ఒక వాడుకరి ప్రొడక్షన్ డేటాబేసును తుడిచేసింది. మార్పులేవీ చేయొద్దని అతను ముందే చెప్పి ఉన్నాడు. ఆ సంస్థ సీఈఓ అంజద్ మసాద్ బహిరంగంగా క్షమాపణ చెప్పి, డెవలప్‌మెంట్, ప్రొడక్షన్ డేటాబేసులను వేరు చేసే ఏర్పాటు చేస్తున్నామన్నారు. 'చేయొద్దు' అని మాటతో చెప్పడం వేరు, చేయడానికి హక్కే ఇవ్వకపోవడం వేరు. స్పేస్ చూడటానికి వచ్చిన ఏజెంట్‌కు చూసే హక్కు చాలు. పోస్ట్‌గ్రెస్‌లో ఇందుకోసమే 10వ వెర్షన్ నుంచి పీజీ మానిటర్ అనే రోల్ ఉంది. ఒరాకిల్‌లో కేటలాగ్ చదవడానికి విడిగా రోల్ ఉంది. మీటర్ రీడింగ్ తీసుకునే అబ్బాయికి ఇంటి తాళాల గుత్తి ఎవరూ ఇవ్వరు కదా.

అయితే ఆ హక్కు మరీ తగ్గిస్తే నా మైఎస్‌క్యూఎల్ కథలాగా సగమే చూసి మొత్తమని చెబుతుంది. ఎంత ఇవ్వాలి అన్నది ఆ డేటాబేసు తెలిసినవాళ్లే నిర్ణయించాలి. ఉద్యోగం ఎక్కడ మిగిలింది అని నా జూనియర్ అడిగినదానికి జవాబు ఇలాంటి చోట్లే ఉంది.

మెట్టు ఎవరు వేస్తారు?

ఏజెంట్ల మీద నాకు కోపం లేదు. నలభై డేటాబేసుల్లో రోజూ లాగిన్ అయ్యే పని మనిషి చేయాల్సింది కాదు. మూడు నెలల అంకెలు ముందేసుకుని ఏది ఎప్పటికి నిండుతుందో అంచనా వేయడం, నాలుగు రకాల సిస్టమ్ వ్యూలను గుర్తుపెట్టుకోవడం అది నాకంటే బాగా చేస్తుంది. నేను ఫ్రెషర్‌గా ఉన్నప్పుడు అలాంటిది పక్కనుంటే ఎన్ని ప్రశ్నలు అడిగేవాణ్నో. సీనియర్‌ని అడగాలంటే మొహమాటం, దానికి ఆ బాధ లేదు.

కానీ కంపెనీలతో నాకు పేచీ ఉంది. ఫ్రెషర్లకు ఇచ్చే ఎల్1 పనిని ఏజెంట్‌కు అప్పగించి, 'ఏజెంట్ చెప్పింది సరిచూడగలవాళ్లు కావాలి' అని రెండు మూడేళ్ల అనుభవం అడుగుతున్నారు. ఆ అనుభవం ఎక్కడి నుంచి రావాలి? రంగులేసిన ఆ ఏడాదే నాకు డిస్కు, ఫైల్, టేబుల్‌స్పేస్ తేడా నేర్పింది. కొత్తగా చేరినవాళ్లకు మొదటి మూడు నెలలు చేత్తో లెక్క వేయించి, తర్వాత ఏజెంట్ లెక్కతో పోల్చమంటే కంపెనీకి పోయేదేమీ లేదు. ఏజెంట్ తప్పులూ బయటపడతాయి, పిల్లలూ నేర్చుకుంటారు.

కాలేజీల సంగతి చెప్పాలంటే, మా డీబీఎంఎస్ ల్యాబ్‌లో సెయిలర్స్, బోట్స్ అని పది పది వరుసల టేబుళ్లు. సముద్రం చూడని నావికుల మీద జాయిన్లు రాసి రికార్డులో సంతకం పెట్టించుకున్నాం. పది వరుసల టేబుల్‌కు స్పేస్ అనే ప్రశ్నే రాదు. ఒక్క వారం పది లక్షల వరుసలు ఇచ్చి, ఇది డిస్కు మీద ఎంత తింటుందో చెప్పమని అడిగితే చాలు, సగం సిలబస్ దానంతటదే అర్థమవుతుంది.

అదే మీరు ఇంట్లో చేసుకోవచ్చు. పోస్ట్‌గ్రెస్ ఉచితం, మామూలు ల్యాప్‌టాప్ చాలు. ఒకే ఒక్క ఇంటిజర్ కాలమ్ ఉన్న టేబుల్ సృష్టించండి. జనరేట్ సిరీస్ అనే ఫంక్షన్‌తో 1 నుంచి 10 లక్షల దాకా అంకెలు పోయండి. ఒక్కో ఇంటిజర్ 4 బైట్లు, అంటే మొత్తం 4 ఎంబీ ఉండాలి కదా? సైజు చూడండి. దాదాపు 35 ఎంబీ చూపిస్తుంది. ఆ మిగతా 31 ఎంబీ ఎక్కడిది? ప్రతి వరుసకూ తల మీద ఒక 24 బైట్ల హెడర్ ఉంటుంది, ఎవరు పెట్టారు, ఎవరు తీసేశారు అన్న సమాచారం అందులోనే. అలైన్‌మెంట్ కోసం ఇంకో 4 బైట్లు, పేజీలో దాని అడ్రసుకు మరో 4. కలిపితే వరుసకు 36 బైట్లు. 4 బైట్ల సరుక్కి 32 బైట్ల ప్యాకింగ్. ఆన్‌లైన్‌లో పెన్‌డ్రైవ్ ఆర్డర్ చేస్తే చెప్పుల డబ్బాలో వచ్చినట్టు.

ఇప్పుడు 5 లక్షల పైన ఉన్న అంకెలన్నీ డిలీట్ చేసి, వాక్యూమ్ నడిపి, సైజు చూడండి. తర్వాత టేబుల్ తీసేసి మళ్లీ మొదటి నుంచి పోసి, ఈసారి మొదటి 5 లక్షలు డిలీట్ చేసి, వాక్యూమ్ నడిపి చూడండి. రెండుసార్లూ తీసేసింది సగమే. ఒకసారి సైజు సగానికి తగ్గుతుంది, ఇంకోసారి తగ్గదు. చేయబోయే ముందు మీ అంచనా కాగితం మీద రాసుకోండి. మీ ఏఐని కూడా అడిగి, దాని అంచనా పక్కనే రాయండి. అది ఎలాంటి కారణం చెబుతుందో గమనించండి. వచ్చిన అంకెలతో రెండు పేజీల నోట్ రాసి గిట్‌హబ్‌లో పెడితే, ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి సర్టిఫికెట్ల కంటే అదే మంచి సరుకు. నేను ఇంటర్వ్యూ ప్యానెల్‌లో కూర్చున్న కొద్దిసార్లూ, 'డిలీట్ చేశాక జాగా ఎందుకు తిరిగి రాలేదు?' అన్న ప్రశ్నకు సొంతంగా చేసి చూసినవాళ్ల జవాబు మొదటి మాటలోనే తెలిసిపోయేది.

మా జూనియర్‌కు ఇదే పని చెప్పాను. వారం దాకా చప్పుడు లేదు. మొన్న రాత్రి పదకొండింటికి స్క్రీన్‌షాట్లు పంపాడు. 'అన్నా, చివరి సగం తీసేస్తే తగ్గింది. మొదటి సగం తీసేస్తే అస్సలు తగ్గట్లేదు. ఏఐ రెండుసార్లూ తగ్గదనే చెప్పింది' అని రాశాడు. ఫైల్ చివర్న ఉన్న పేజీలు పూర్తిగా ఖాళీ అయితేనే వాక్యూమ్ వాటిని కత్తిరించి డిస్కుకు తిరిగిస్తుంది, మధ్యలో ఖాళీ అయితే కత్తిరించలేదు అని చెప్పాను. చివరి సీట్లన్నీ ఖాళీ అయితే వెనక భాగం విప్పేయొచ్చు, ముందు సీట్లు ఖాళీ అయితే ఎలా విప్పుతాం? ఏఐ చెప్పింది సాధారణంగా నిజమే, ఇక్కడ కాదు.

'మరి మైఎస్‌క్యూఎల్‌లోనూ ఇంతేనా అన్నా?' అన్నాడు. చేసి చూడు అన్నాను. ఇంకా రిప్లై రాలేదు.